తిరగని బండికే తిప్పలెక్కువ

పాత ఫెరారీలు, పోర్షేలు, లాంబోర్గినీలు అమ్మే ప్రకటనల్లో ధర కన్నా ముందు మీటరు రీడింగ్ కనిపిస్తుంది. పదిహేనేళ్ల బండి, తిరిగింది పదివేల కిలోమీటర్లే, షెడ్డు దాటి బయటికి రాలేదు, వాన చినుకు ఎరగదు అని గొప్పగా రాస్తారు. కొనేవాళ్లూ ఆ ఒక్క మాటకే ముచ్చటపడి లక్షలు అదనంగా పోస్తారు. మామూలు మారుతీ, హ్యుందాయ్ కార్ల విషయంలో ఈ లెక్క చాలావరకు సరైనదే. ఎక్కువ తిరిగిన బండి ఎక్కువ అరుగుతుంది. ఖరీదైన స్పోర్ట్స్ కార్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం లెక్క తలకిందులవుతుంది. వాటిని దూరం కన్నా కాలం ఎక్కువ తినేస్తుంది. వాడినందుకు అయ్యే ఖర్చు కన్నా వాడకుండా దాచినందుకు అయ్యే ఖర్చే పెద్దదిగా తేలుతుంది. తక్కువ తిరిగిందన్న మాటకు అదనంగా డబ్బిచ్చే మనిషి, చాలాసార్లు, రాబోయే రిపేరుకు ముందే అడ్వాన్సు కడుతున్నాడని నా వాదన.

ముందు డబ్బు సంగతి చూద్దాం. దాదాపు ఏ కారుకైనా కొన్న మర్నాటి నుంచి విలువ పడిపోతుంది. విడిభాగాల ధర మాత్రం పడదు, పైపెచ్చు పెరుగుతుంది. మామూలు కారులో ఈ తేడా పెద్దగా తెలియదు. అక్కడ భాగాలు మొదటినుంచీ చవకే, ఏ ఊరి ఆటోనగర్‌కు వెళ్లినా దొరుకుతాయి. స్పోర్ట్స్ కారులో ఆ తేడాయే కొంప ముంచుతుంది. ఫెరారీ ఎఫ్355నే తీసుకోండి. 1994లో వచ్చి 1999 దాకా తయారైన ఈ కారు అమెరికాలో కొత్తగా సుమారు 1,30,000 డాలర్లు పలికింది. 2010 ప్రాంతానికి అందులో సగం కన్నా తక్కువకే పాత బండ్లు దొరికేవి. మంచి జీతమున్న ఉద్యోగి కాస్త తెగిస్తే అందే ధర అది. అయితే కారు సగం ధరకొచ్చింది కదా అని దాని ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ సగం ధరకు రాదు. ఆ మోడల్లో మానిఫోల్డ్‌లకు పగుళ్లు రావడం మామూలే. వాల్వు గైడ్లు అరిగిపోవడమూ అందరికీ తెలిసిన జబ్బే. మీరు ఎంతకు కొన్నారన్నది మెకానిక్‌కు అనవసరం. ఆయన వేసే బిల్లు లక్షా ముప్ఫై వేల డాలర్ల కారుకు వేసే బిల్లే. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడే రకం యజమానులు ఇక్కడే తయారవుతారు. చవకగా వచ్చిందని కొన్నవాడు సర్వీసు వాయిదా వేస్తాడు, బండి తీయకపోతే చెడిపోదులే అనుకుంటాడు, రెండు మూడేళ్లకు అమ్మేస్తాడు. అలా ముగ్గురి చేతులు మారిన బండి మీటరు మీద చిన్న అంకెతో, కడుపులో పెద్ద బాకీతో నాలుగోవాడి ఇంటికి చేరుతుంది.

ఆ బాకీ ఎలా ఉంటుందో తెలియాలంటే టైమింగ్ బెల్టు మార్చే పనిని దగ్గరగా చూడాలి. ఎఫ్355ది 3.5 లీటర్ల వీ8 ఇంజిన్. సిలిండరుకు ఐదు చొప్పున నలభై వాల్వులు. వాటిని సమయానికి తెరిచి మూసే క్యామ్‌షాఫ్టులను తిప్పేది రబ్బరు బెల్టులు. నడుస్తుండగా బెల్టు తెగిందా, పిస్టన్లు వెళ్లి వాల్వులను గుద్దుతాయి, ఇంజిన్ మీద ఆశ వదులుకోవడమే. రబ్బరు కాబట్టి తిరిగినా తిరగకున్నా కొన్నేళ్లకోసారి మార్చి తీరాలి. మూడేళ్లకని కొందరు, ఐదేళ్లకని కొందరు మెకానిక్‌లు చెబుతారు. బెల్టు ఖరీదు పెద్దదేం కాదు. చిక్కంతా అది ఉన్న చోటుతో. సీట్ల వెనకున్న గోడకూ ఇంజిన్‌కూ మధ్య చెయ్యి దూరనంత సందులో ఉంటుంది. అందుకని బండిని లిఫ్టు ఎక్కించి, కూలెంటు దించి, గొట్టాలూ వైర్లూ ఒక్కొక్కటిగా విప్పి, ఇంజిన్, గేర్‌బాక్సు, వెనక సస్పెన్షన్ కలిసి ఉన్న ఫ్రేమును కింద బల్ల మీద ఆనిస్తారు. తర్వాత బోల్టులు తీసి పైనున్న బాడీని లేపుతారు. ఇంజిన్ బల్ల మీదే ఉండిపోతుంది, కారు గాల్లోకి వెళుతుంది. అంత పని చేశాక బెల్టు ఒక్కటే మార్చి మూసేయడం తెలివితక్కువ పని కాబట్టి టెన్షనర్ బేరింగులు, వాటర్ పంపు, క్యామ్ సీళ్లు, గట్టిపడిన గొట్టాలు కూడా మార్చమంటారు. బిల్లు వేల డాలర్లకు చేరుతుంది. ఏడాదికి ఐదొందల కిలోమీటర్లు నడిపినవాడికీ ఐదువేలు నడిపినవాడికీ ఒకటే బిల్లు. కిలోమీటరుకు ఎంత పడిందని లెక్కేస్తే, దాచుకున్నవాడే పదింతలు నష్టపోయాడు.

ఈ సంగతి ఫెరారీకీ అర్థమైంది. 1999లో వచ్చిన 360 మోడెనాలో సీట్ల వెనక ఒక పలక తీస్తే బెల్టులు అందేలా పెట్టింది. 2004లో వచ్చిన ఎఫ్430లో బెల్టులు ఎత్తేసి ఉక్కు గొలుసులు వేసింది. ఒక్క డిజైన్ మార్పుతో ఆ కంపెనీ పాత బండ్ల సంసారం ఎంత తేలికైందో వాటిని పోషించేవాళ్లకు తెలుసు. ఏ కారు కొనాలన్న ప్రశ్నకు బ్రాండు పేరు కన్నా ఇలాంటి వివరమే సరైన జవాబు చెబుతుంది.

కాలం తినే భాగం బెల్టు ఒక్కటే కాదు. తొంభైల చివరినుంచి దాదాపు రెండు దశాబ్దాల పాటు ఫెరారీ, మాసెరాటీ కార్లలో స్విచ్‌లకు, డాష్‌బోర్డు భాగాలకు మెత్తగా తగిలే పూత వేశారు. ఏళ్లు గడిచేకొద్దీ అది కరిగి జిగురై వేళ్లకు అంటుకుంటుంది. కోట్ల రూపాయల కారులో కిటికీ బటన్ నొక్కితే వేలికి తారు అంటినట్టు అంటుతుంది. అది నవ్వుకుని వదిలేయగల సంగతి. టైర్ల సంగతి అలా కాదు. 2013 నవంబరు 30న కాలిఫోర్నియాలో హాలీవుడ్ నటుడు పాల్ వాకర్ చనిపోయిన ప్రమాదం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆయన ప్రయాణించిన 2005 మోడల్ పోర్షే కరేరా జీటీని స్నేహితుడు నడుపుతున్నాడు. గంటకు 80 నుంచి 93 మైళ్ల వేగం ప్రమాదానికి కారణమని దర్యాప్తులో తేల్చారు. దాంతోపాటు బండికున్న టైర్లు తొమ్మిదేళ్ల నాటివన్న విషయమూ నివేదికకెక్కింది. తక్కువ తిరిగిన బండికి టైర్ల గాళ్లు కొత్తవాటిలాగే లోతుగా ఉంటాయి, చూసేవాడికి అనుమానం రాదు. లోపల రబ్బరు మాత్రం గట్టిపడి రోడ్డును పట్టుకోవడం మానేస్తుంది. ఆరువందల గుర్రాల ఇంజిన్‌కు అలాంటి టైర్లు తగిలించి రోడ్డెక్కడం ఎంత ప్రమాదమో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. రోజూ తిరిగే బండికి ఈ బెడద రాదు. టైర్లు ముసలివి కాకముందే అరిగి మారిపోతాయి.

పోర్షే 911 కథ ఇంకొంచెం చిక్కైనది, అమెరికాలోని మనవాళ్లకు దగ్గరైనది కూడా. డాలస్‌లోనో, బే ఏరియాలోనో ఉద్యోగం చేసే తెలుగు కుర్రాడు కొనాలనుకునే తొలి స్పోర్ట్స్ కారు తరచూ పాత 911, లేదా బాక్స్‌టర్. 1990ల చివర వచ్చిన 996 తరం 911లో, అప్పటి బాక్స్‌టర్‌లో ఇంజిన్ లోపల ఇంటర్మీడియెట్ షాఫ్టుకు ఒక బేరింగ్ ఉంటుంది. అది విరిగితే దాని ముక్కలు ఇంజిన్ అంతా పాకి మొత్తాన్ని నాశనం చేస్తాయి. దీనిమీద అమెరికా కోర్టులో యజమానులు ఉమ్మడిగా కేసు వేస్తే, కంపెనీ 2013లో 2001 నుంచి 2005 వరకు మోడళ్లకు పరిహారంతో రాజీ చేసుకుంది. ఎక్కువ బండ్లకు ఆ బేరింగ్ విరగలేదు. అదే తరం టర్బో, జీటీ3 మోడళ్లలో ఇంజిన్ వేరు కాబట్టి అసలా గొడవే లేదు. అయినా ఆ ఒక్క భయంతో 996 ధర ఏళ్ల తరబడి కిందే ఉండిపోయింది. ఇక్కడా నా వాదనకు బలమిచ్చే విషయం ఉంది. ఆ బేరింగ్ లోపల గ్రీజు నింపి మూసిన రకం. కాలం గడిచేకొద్దీ సీలు పాడై గ్రీజు పోతుంది, చుట్టూ ఉన్న పాత నూనె లోపలికి చేరుతుంది. తరచూ నడిచి, సమయానికి ఆయిల్ మారిన బండే మేలని ఆ ఇంజిన్లు విప్పి చూసిన మెకానిక్‌లు చెబుతారు. పైగా క్లచ్ మార్చడానికి గేర్‌బాక్సు ఎలాగూ దించుతారు, అప్పుడు బేరింగ్ కూడా మార్చేస్తే శ్రమ కలిసొస్తుంది. అంటే బాగా తిరిగి, క్లచ్ ఒకసారి మార్చుకుని, బిల్లులో కొత్త బేరింగ్ కూడా రాసి ఉన్న 996, ఏమీ మార్చని మెరిసే 996 కన్నా భద్రమైన బేరం. మార్కెట్టు మాత్రం రెండోదానికే ఎక్కువ ధర కడుతుంది.

వాడకం వల్ల ఏమీ అరగదని నేననడం లేదు. ఎలా వాడారన్నది మీటరు చెప్పదంటున్నాను. ఫెరారీ ఎఫ్1 గేర్‌బాక్సు, లాంబోర్గినీ గల్లార్డో ఈ-గేర్ రెండూ నిజానికి మామూలు క్లచ్చే. దాన్ని కాలికి బదులు హైడ్రాలిక్ యంత్రం తొక్కుతుంది. ట్రాఫిక్‌లో ఇంచించీ ముందుకు జరిపినా, ఎత్తు మీద రివర్సు చేసినా క్లచ్ మండిపోతుంది. జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాల్లో వారానికోసారి కాఫీకి వెళ్లొచ్చిన గల్లార్డోకు ఎనిమిది వేల కిలోమీటర్లకే క్లచ్ అయిపోవచ్చు. ఔటర్ రింగ్ రోడ్డు మీద నిలకడగా నడిచినదానికి అంతకు ఎన్నో రెట్లు ఆగొచ్చు. ఈ బండ్లలో క్లచ్ ఎంత శాతం అరిగిందో కంప్యూటరు తగిలిస్తే తెలుస్తుంది. ఆ ఒక్క అంకె మీటరు రీడింగ్ కన్నా ఎంతో విలువైనది. అమ్మేవాడు చూపించనంటే ఎందుకో అర్థం చేసుకోవచ్చు.

నా వాదనకు వచ్చే మొదటి అభ్యంతరం: ఇవన్నీ పాతకాలపు కబుర్లు, ఇప్పటి స్పోర్ట్స్ కార్లు అలా చెడిపోవు అన్నది. ఇందులో నిజం చాలా ఉంది. 1990లోనే హోండా ఎన్ఎస్ఎక్స్‌తో, ఫెరారీతో పోటీపడే కారును రోజూ ఆఫీసుకు తీసుకెళ్లొచ్చని నిరూపించింది. 1998లో లాంబోర్గినీని ఆడీ తన చేతుల్లోకి తీసుకున్నాక వచ్చిన గల్లార్డో, పాత లాంబోర్గినీలతో పోలిస్తే బుద్ధిమంతురాలు. ఫెరారీ తన కొత్త కార్లకు ఏడేళ్ల షెడ్యూలు సర్వీసును ధరలోనే కలిపి ఇస్తోంది, మధ్యలో యజమాని మారినా అది కొనసాగుతుంది. ఈ ఏర్పాటు ఏం చెబుతోందో గమనించండి. ఏటా తప్పకుండా చూపించుకున్న బండి బాగుంటుందని తయారుచేసినవాడే ఒప్పుకున్నాడు. ఆ ఏడేళ్లు దాటి, సర్వీసు ఖర్చు యజమాని జేబులోంచి పోవడం మొదలైన దగ్గర్నుంచి బండ్ల దారులు విడిపోతాయి. ఎలక్ట్రానిక్స్ పెరగడం వల్ల కొత్త రకం ఖర్చులూ వచ్చాయి. ఫెరారీ కాలిఫోర్నియా, 458 మోడళ్ల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సులో చిన్న సెన్సరు పోతే మొదట్లో గేర్‌బాక్సు మొత్తం మార్చమనేవారు. తర్వాత బయటి నిపుణులు దాన్ని విప్పి సెన్సరు ఒక్కటే మార్చడం నేర్చుకున్నారు. కార్బన్ సెరామిక్ బ్రేకు డిస్కులు మామూలు వాడకంలో ఏళ్ల తరబడి ఆగుతాయి. నాలుగూ మార్చాల్సి వస్తే మాత్రం ఆ డబ్బుతో మన దగ్గర కొత్త కుటుంబ కారొకటి కొనుక్కోవచ్చు. నమ్మకం పెరిగింది, నిజమే. తప్పు జరిగినప్పుడు పడే దెబ్బ తగ్గలేదు.

రెండో అభ్యంతరం పెట్టుబడిదారులది. మీటరు తక్కువ ఉంటేనే రేపు ఎక్కువకు అమ్ముడుపోతుంది, అసలు ఈ కార్ల విలువ పెరుగుతుంటే సర్వీసు ఖర్చు గురించి బెంగ ఎందుకంటారు. చేత్తో గేర్లు మార్చే ఎఫ్355 ధర గత దశాబ్దంలో బాగా పెరిగిన మాట వాస్తవం. అదే కారు ఎఫ్1 గేర్‌బాక్సుతో ఉంటే అంత పలకదు. పెరిగేవి కొన్ని, వాటి పక్కనే పెరగనివి చాలా. ఏది పెరుగుతుందో ముందే తెలిసినవాడికి ఈ వ్యాసం అక్కర్లేదు. మిగతావాళ్లు ఒక్క విషయం ఆలోచించాలి. ప్రతి యజమానీ తర్వాతి యజమాని కోసం బండిని దాచిపెడుతున్నాడు. ఆ తర్వాతివాడు ఆ పై వాడి కోసం. నడిపే సుఖం ఎవరికీ లేదు, బెల్టులూ సీళ్లూ టైర్లూ మాత్రం అందరి చేతుల్లోనూ ఎండుతున్నాయి. ఈ వరసలో చివరివాడే అన్ని బిల్లులూ కట్టేది. ఇలాంటి సరుకును పెట్టుబడి అనడం నాకు ఒప్పుదల కాదు.

ఇంత డబ్బు పెట్టేవాడు ఖర్చు చూసుకుంటాడా అని ఇంకొందరు కొట్టిపారేస్తారు. కొత్తది కొన్నవాడు చూసుకోడేమో. పాతది కొనేవాడు చూసుకునే రకం కాబట్టే పాతది కొంటున్నాడు.

మన దేశంలో ఈ లెక్కకు మరికొన్ని ముళ్లున్నాయి. మూడేళ్లు దాటిన పాత కారును దిగుమతి చేసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు, అదీ స్టీరింగు కుడివైపు ఉన్నదే కావాలి. కాబట్టి అమెరికాలో చవకగా కొన్న 911ను హైదరాబాద్ తెచ్చుకుంటానని అబ్బాయి చెబితే నమ్మకండి. ఇక్కడ దొరికే పాత స్పోర్ట్స్ కార్లలో ఎక్కువ ఏళ్ల తరబడి వంద శాతం, ఆ పైన సుంకం కట్టి వచ్చినవే. ఇన్సూరెన్సు సంగతి కొనేముందు ఎవరూ చదవరు. సాధారణ పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగం, ఫైబర్‌గ్లాస్‌కు 30 శాతం తరుగు తీసేస్తారు. పదేళ్లు దాటిన బండి లోహ భాగాలకూ సగమే వస్తుంది. తరుగు లేని పాలసీ పాత బండికి దొరకడమే గగనం. మారుతీ బంపరులో సగం వేలల్లో ఉంటుంది, ఫెరారీ బంపరులో సగం లక్షల్లో. పదిహేనేళ్లు దాటాక దిగుమతి కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు 2022 ఏప్రిల్ నుంచి 40 వేల రూపాయల రుసుము పెట్టారు. ఇక కాగితాలు. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ అధికారులు ఆపరేషన్ నుంఖోర్ పేరిట దాడులు చేసి, భూటాన్ మీదుగా దొంగచాటుగా తెచ్చారన్న అనుమానంతో ఖరీదైన కార్లను పట్టుకున్నప్పుడు, వాటిని కొన్నవాళ్లు కాగితాలు పట్టుకుని వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

కొనేవాళ్లు మీటరునే నమ్ముకోవడానికి అసలు కారణం వాళ్ల దగ్గర వేరే ఆధారం లేకపోవడమే. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన దాదాపు ప్రతి కారుకూ ఏటా ఎంఓటీ అనే పరీక్ష చేస్తారు. ఆ రోజు రీడింగ్ ఎంత, టైరు రబ్బరు పగిలిందా, బ్రేకు పైపు తుప్పు పట్టిందా అన్నది ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కుతుంది. కారు నంబరు కొడితే 2005 నుంచి ఉన్న చరిత్ర ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అక్కడ ఫెరారీ కొనేవాడు ఇంట్లో కూర్చునే ఆ బండి ఏ ఏడు తిరిగిందో, ఏ ఏడు మూలపడిందో పసిగడతాడు. మన వాహన్ పోర్టల్‌లో యజమాని క్రమం, ఇన్సూరెన్సు గడువు, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు కనిపిస్తాయి గానీ బండి ఆరోగ్యం గురించి ఒక్క ముక్క ఉండదు. పొల్యూషన్ పరీక్షకు ప్రతి బండీ ఎలాగూ వెళ్లాలి. అక్కడే మీటరు రీడింగ్‌నూ, టైర్ల తయారీ సంవత్సరాన్నీ రాయించి వాహన్‌లో పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త యంత్రాలూ అక్కర్లేదు. ఫెరారీ కొనేవాడికే కాదు, లక్షన్నర పెట్టి పాత ఆల్టో కొనే ఆటో డ్రైవరుకూ అది పనికొస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు ఆ పని మొదలుపెట్టాలి. ఆ రోజు వచ్చేదాకా, పాత స్పోర్ట్స్ కారు బేరానికి వెళ్లేవాళ్లు రీడింగ్ చూడకముందు బిల్లుల ఫైలు అడగండి. ఫైలు లేదన్నవాడి దగ్గర తక్కువ ధరకైనా కొనకండి.